అడగని ఓటు

మా అత్త బసవమ్మ ఎవరినీ తిట్టదు. తిట్టేవాళ్ళ కోపం నోటితో పోతుంది, ఈవిడది పోదు. ఆవిడతో వచ్చిన చిక్కంతా అదే. పర్చూరులో ఒక బట్టల కొట్టువాడు, నా పెళ్ళికి ఎంతో ముందు, చీరలు చూపించమంటే "కొనేదుంటేనే విప్పుతానమ్మా" అన్నాడట. ఆ కొట్టున్న బజారులో మా అత్త ఇప్పటికీ అడుగుపెట్టదు. వెనక సందులోంచి చుట్టూ తిరిగి బస్టాండుకు పోతుంది. మోకాళ్ళ నొప్పులు వచ్చాక కూడా అదే దారి. ఆ కొట్టు ఎప్పుడో మూసేశారు, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు అని చెప్పి చూశాను. "గోడలు అవేగా" అంది.

నాది వేటపాలెం. మా పుట్టింట్లో కోపాలు వస్తే కంచాలు ఎగురుతాయి, సాయంత్రానికి అందరం కలిసి కూర్చుని తింటాం. అందుకని మొదట్లో ఈవిడ పద్ధతి నాకు అంతుపట్టలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ చేసిన గోంగూర పచ్చడిలో ఉప్పు తగ్గిందన్నాను. అంతే. ఇప్పటికీ నా కంచం పక్కన ఉప్పు గిన్నె విడిగా పెడుతుంది. నవ్వుతూనే పెడుతుంది. నేనూ నవ్వుతూనే తీసి పక్కన పెడతాను.

మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో మా ఊళ్ళో వేణుగోపాల్ గారి ఇల్లు ఓడిపోయింది. ఎందుకు ఓడిపోయిందో తలా ఒక కారణం చెబుతారు. సిమెంటు రోడ్డు సగంలో ఆపేయడం అంటారు, కులం అంటారు, పైన ప్రభుత్వం గాలి అంటారు. టీ కొట్టు దగ్గర కాలు మీద కాలేసుకుని విశ్లేషణలు చేసే ఈ మగాళ్ళందరినీ వరసగా నిలబెట్టి చెప్పాలనిపిస్తుంది నాకు. ఆ ఇంటిని ఓడించింది మా అత్త.

ఆవిడ ఊరికే ఆ పని చెయ్యలేదు. వేణుగోపాల్ గారి నాన్న సర్పంచిగా ఉన్న రోజుల నుంచీ మా ఇంటి ఓట్లు ఆ ఇంటివే. అడిగేదీ లేదు, ఆలోచించేదీ లేదు. మా మామగారు ఆ పెద్దాయన మనిషి. ఒక ఎన్నికల రోజున పోలింగు బూతు దగ్గర కొట్లాట జరిగితే, పెద్దాయన మీదికి లేచిన కర్రకు మామగారు అడ్డం వెళ్ళాడు. తల పగిలింది. చీరాల ఆసుపత్రిలో కుట్లు వేశారు. ఆ కుట్లు పడినచోట మళ్ళీ జుట్టు మొలవలేదు. కొట్టినవాళ్ళ మీద కూడా మా అత్త పగ పెట్టుకోలేదంటే నమ్మండి. మన ఇల్లు ఆ ఇంటికి అండ, అండగా నిలబడ్డవాళ్ళకు దెబ్బలు తప్పవు అనుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళకు మామగారు మిరప చేలో పురుగుమందు కొడుతూ గట్టు మీద కూర్చుని అలాగే ఒరిగిపోయాడు. గుండెపోటు అన్నారు.

ఈసారి మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్ళకు కేటాయించారు. వేణుగోపాల్ గారు తన భార్య లక్ష్మీదుర్గను నిలబెట్టాడు. ఉంగరం గుర్తు. అవతలి వర్గం వాళ్ళు జాకెట్లు కుట్టే మల్లేశ్వరిని నిలబెట్టారు. ఆమెకు కత్తెర గుర్తు వచ్చింది. ఫిబ్రవరి నెల, మిరపకాయలు మంచి కోత మీదున్నాయి. మేం చేసేది కౌలు సేద్యం, కాయలు ఆరబోసుకోవడానికి సొంత జాగా లేదు. మామగారి మీద అభిమానంతో వేణుగోపాల్ గారు రోడ్డు పక్కన తన కల్లంలో ఒక మూల మమ్మల్ని ఏటా ఆరబోసుకోనిస్తాడు. మా ఏడాది బతుకంతా అప్పుడు ఆ కల్లంలో ఎర్రగా పరిచి ఉంది.

మా వైపు ఆడవాళ్ళు ఓటు అడిగేటప్పుడు పెళ్ళికి పిలిచినట్టు గుమ్మంలో బొట్టు పెట్టి అడుగుతారు. లక్ష్మీదుర్గ వస్తుందని తెలిసి ఆ ఉదయం మా అత్త వాకిలి కడిగింది. గంజి పెట్టిన చీర కట్టుకుంది. గ్లాసుల్లో మజ్జిగ పోసి సిద్ధంగా పెట్టింది. డప్పులు మా వీధిలోకి రాగానే గుమ్మంలో ముందు ఆవిడ నిలబడింది, వెనక నేను. లక్ష్మీదుర్గ మంగళగిరి పట్టుచీరలో, వెండి పళ్ళెంతో, వెనక పాతికమంది ఆడవాళ్ళతో వచ్చింది. కుంకుమలో వేలు ముంచి చెయ్యెత్తింది. ఎదురుగా ఉన్నది మా అత్త బోసి నుదురు. ఆ చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగి, మా అత్త భుజం పక్కనుంచి వెనక్కి వచ్చి నా నుదుట బొట్టు పెట్టింది. "ఉంగరం గుర్తు, మర్చిపోకు శిల్పా" అంది లక్ష్మీదుర్గ. నా చేతిలో పువ్వు పెట్టింది. ప్రచారంలో విధవ ఎదురొచ్చిందని భయపడిందో, ఏమనాలో తోచలేదో నాకు తెలియదు. మా అత్తతో ఒక్క మాట లేదు, ఒక చూపు లేదు. అందరూ మజ్జిగ మాత్రం తాగారు.

అక్కడితో అయిపోయినా మా అత్త ఎలా తీసుకునేదో చెప్పలేను. కానీ మా ఎదురిల్లు ఖుర్షిదాది. మా అత్త ఈడుదే, ఇద్దరూ కలిసి కోతలకు పోతారు. లక్ష్మీదుర్గ ఆ గుమ్మం దగ్గరికి పోయి పళ్ళెం పక్కనున్నావిడకు ఇచ్చింది. రెండు చేతులూ జోడించి, నడుం వంచి, మీ ఓటు మాకే కావాలని ఎంతో మర్యాదగా అడిగింది. మా అత్త ఖాళీ గ్లాసులు చేత్తో పట్టుకుని అదంతా చూసింది.

నేను ఇంట్లోకి వచ్చి ఆ బొట్టు చెంగుతో తుడిచెయ్యబోయాను. నా ఒళ్ళు మండిపోతోంది. మా అత్త చెయ్యి పట్టుకుని ఆపింది. "దాన్నెందుకే చెరుపుతావు, అదేం చేసింది" అంది. గ్లాసులు కడిగి బోర్లించింది. పీట వేసుకుని కూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టింది.

"ఖుర్షిదాకు బొట్టు పెట్టకూడదని తెలిసి దణ్ణం పెట్టింది. నాకూ పెట్టకూడదనేగా దానికి తెలిసింది. మరి నాకు రావాల్సిన దణ్ణం ఏమైందమ్మాయ్?"

ఆవిడే మళ్ళీ అంది. "ఆయన వాళ్ళ కోసం తల పగలగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన లేడనేగా నన్ను దాటిపోయింది."

ఇప్పుడే పోయి బజార్లో నలుగురి ముందూ అడిగేద్దాం పద అన్నాను. మా అత్త ఒప్పుకోలేదు. అడిగితే వచ్చి తప్పయిపోయిందంటుంది, మనం సరేనంటాం, దాంతో తీరిపోతుంది, నాకు తీరడం ఇష్టం లేదు అంది. మరేం కావాలని అడిగాను.

"ఓడిపోవాలి. ఎందుకు ఓడిపోయిందో దానికి తెలియాలి."

మా ఆయన అంకారావుకు ఈ సంగతి చెప్పకూడదని ఇద్దరం అనుకున్నాం. ఆయన జేబుకు ఉంగరం బొమ్మ తగిలించుకుని వేణుగోపాల్ గారి వెంట తిరుగుతున్నాడు. పైగా ఆయన నోట్లో మాట నిలవదు. ముందే పొక్కితే మా కాయలు ఆ పూటే కల్లంలోంచి బయట పడతాయి. మా అత్తకు దానికంటే పెద్ద భయం ఇంకొకటుంది. ముందే తెలిస్తే వాళ్ళు వచ్చి బతిమాలతారు, బతిమాలితే ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు మెత్తబడిపోతారు. కాబట్టి ఆ పదిహేను రోజులూ మా అత్త లక్ష్మీదుర్గ ఎదురుపడినప్పుడల్లా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకే భయం వేసింది.

ఆవిడ చేసిన ప్రచారం చెబితే నవ్వుతారు. కల్లంలో ఆరిన కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కన పడేయాలి. కూర్చుని చేసే పని కాబట్టి దానికి వయసు మళ్ళిన ఆడవాళ్ళే ఎక్కువ వస్తారు. వాళ్ళలో మొగుడున్నవాళ్ళు తక్కువ. మా పల్లెల్లో మగాళ్ళు ముందే పోతారు, తాగి కొందరు, పురుగుమందులతో కొందరు, ఊరికే కొందరు. వేణుగోపాల్ గారి కాయలకైనా మా కాయలకైనా ఏరేది ఆ ఆడవాళ్ళే. మా అత్త వాళ్ళ మధ్యన కూర్చుని, ఒక్కొక్కరి దగ్గరికీ జరిగి ఒకటే ప్రశ్న వేసేది. లక్ష్మీదుర్గ మీ ఇంటికొచ్చిందా, నిన్ను అడిగిందా అని. వచ్చిందని అందరూ అన్నారు. కోడలికి పెట్టింది, కూతురికి పెట్టింది అన్నారు. నిన్ను అడిగిందా అని మా అత్త మళ్ళీ అడిగేది. అప్పుడు చేతుల్లో కాయలు ఆగేవి. అందరికీ జరిగింది అదే. ఎవరికి వాళ్ళు అది తమ ఒక్కరి తలరాత అనుకుని ఊరుకున్నారు.

వాళ్ళలో సుబ్బరావమ్మ అని కాస్త లాజిక్కు మాట్లాడే ముసలావిడ ఉంది. మల్లేశ్వరి మాత్రం మనల్ని ఏం ఉద్ధరించింది, అసలు మన వీధికే రాలేదుగా అని అడ్డం తగిలింది. మా అత్త చేతిలో తాలు కాయ పక్కన పడేసి, రానిదానికి మనం కనపడలేదు, వచ్చినదానికి కనపడ్డాం అంది. కనపడ్డాక దాటిపోవడం వేరు అంది. సుబ్బరావమ్మకు ఆ లెక్క నచ్చింది.

అసలు అడ్డంకి కొడుకులు. పండు ముసలివాళ్ళను బూతుకు బండి మీద తీసుకొచ్చేది వాళ్ళే. అమ్మకు చూపు ఆనదని అధికారికి చెప్పి, తోడుగా లోపలికి పోయి, ముద్ర కూడా వాళ్ళే గుద్ది వస్తారు. మా ఊళ్ళో చాలామంది తల్లుల ఓట్లు ఏళ్ళ తరబడి అలాగే పడ్డాయి. వాళ్ళ దృష్టిలో ఆ తల్లికి ఓటు లేదు, కొడుక్కే రెండున్నాయి. మా అత్త అందరికీ నేర్పింది ఒక్కటే. చూపు లేదని ఎవరన్నా అంటే, ఉందని అధికారికి గట్టిగా చెప్పండి, తర్వాత కత్తెర మీద గుద్ది మడిచి పెట్టెలో వెయ్యండి.

పోలింగు రోజున నేను వరసలో సుబ్బరావమ్మ వెనకే ఉన్నాను. ఆవిడ రెండు కళ్ళకూ శుక్లాలున్నాయి. కొడుకు లక్ష్మీకాంత్ ఆమె రెక్క పట్టుకుని, అమ్మకు కనపడదండీ, నేను వేయిస్తాను అన్నాడు. ఆవిడ రెక్క విడిపించుకుంది. నాకు శుభ్రంగా కనపడుతోంది నాయనా, ఆ గోడ మీద బల్లి కూడా కనపడుతోంది అని అధికారితో చెప్పింది. గోడ మీద బల్లీ లేదు, ఏమీ లేదు. అధికారి గోడ వైపు చూసి, లక్ష్మీకాంత్ వైపు చూసి, అతన్ని బయట నిలబడమన్నాడు. సుబ్బరావమ్మ అట్ట చాటున చాలాసేపు ఉంది. తర్వాత నేను వెళ్ళాను. నా నుదుట బొట్టు పెట్టి అడిగిన ఓటు కూడా కత్తెరకే వేశాను. ఆ ముద్ర గుద్దేటప్పుడు బల్ల అదిరింది.

సాయంత్రం బడిలో ఓట్లు లెక్కపెట్టారు. మా అత్తా నేనూ కల్లంలో మంచు పడకుండా కాయల మీద పట్టాలు కప్పుతున్నాం. బాణసంచా మోత వినపడింది. అది వేణుగోపాల్ గారి ఇంటి వైపు నుంచి రాలేదు, మల్లేశ్వరి వాళ్ళ వీధి నుంచి వచ్చింది. వేళ్ళ మీద లెక్కపెట్టేంత తేడాతో ఉంగరం పోయింది. మా అత్త పట్టా అంచు మీద రాయి పెట్టి నడుం ఎత్తింది. ఆవిడ మొహంలో అంత సంతోషం నా పెళ్ళిలో కూడా చూడలేదు. ఇంటికొచ్చి రెండు చేపముక్కలు అదనంగా వేసుకుని తింది.

అన్నం దగ్గరే అది చెడింది. మా ఆయన మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఎక్కడ దెబ్బ తగిలిందో కనిపెట్టేశారట. ఖుర్షిదా వాళ్ళ మసీదు వీధి మోసం చేసిందట. దణ్ణాలు పెట్టించుకుని అటు గుద్దారట. రేపటి నుంచి ఆ వీధి ఆడవాళ్ళను ఎవరూ కోతకు పిలవకూడదని వేణుగోపాల్ గారు అందరికీ చెప్పేశాడట. మా ఆయన ఇదంతా తనే కనిపెట్టినట్టు చెబుతున్నాడు. మా అత్త చెయ్యి కడిగేసుకుంది.

ఖుర్షిదా ఓటు ఉంగరానికే పడిందని మా ఇద్దరికీ తెలుసు. అంత మర్యాదగా అడిగితే కాదనలేకపోయానని ఆవిడే మాకు చెప్పింది. "నా పగ తీసుకెళ్ళి దాని నెత్తిన పెడతారా" అంది మా అత్త. ఆవిడ కోపంలో ఖుర్షిదా మీద జాలి ఎంతో, తను చేసిన పని ఇంకొకళ్ళ పేరు మీదికి పోయిందన్న మంట ఎంతో నేను చెప్పలేను. రెండూ ఉన్నాయి.

తెల్లవారి ఆవిడ వెంట నేనూ వెళ్ళాను. వేణుగోపాల్ గారి వాకిట్లో షామియానా విప్పుతున్నారు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, లక్ష్మీదుర్గ గడప లోపల నిలబడి ఉంది. మా అత్త నిలబడే చెప్పింది. ఖుర్షిదా వాళ్ళని ఏమీ అనొద్దు, ఆ ఓట్లు మావి, నేనే మార్పించాను అంది.

వేణుగోపాల్ గారు నవ్వాడు. ఖుర్షిదా మీద ప్రేమతో ఈవిడ అబద్ధం చెబుతోందనుకున్నాడు. కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు. "వదినా, నీ ఓటు మాకు కాక ఎవరికి పడుతుంది, అన్నయ్య ఆత్మ ఊరుకుంటుందా" అన్నాడు.

చేసిన పగ చేతికిచ్చినా తీసుకోని మనిషిని ఏం చెయ్యాలి? ఓడించినందుకు తిట్టినా బాగుండేది. ఓడించగలదని కూడా ఆయనకు తోచలేదు. అప్పుడు మా అత్త ఆయన్ను వదిలేసి గడప వైపు తిరిగింది. లక్ష్మీదుర్గ మొహంలోకి చూస్తూ ఆ రోజు ఆమె దాటిపోయిన ఆడవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. ఎవరి పక్కన నిలబడ్డ ఎవరికి బొట్టు పెట్టిందో, వెనక ఎవరు మిగిలిపోయారో చెప్పింది. సుబ్బరావమ్మ పేరు వచ్చేసరికి లక్ష్మీదుర్గ మొహం పాలిపోయింది. తర్వాతి పేరు మా అత్త నోట రాకముందే లక్ష్మీదుర్గ పెదవులు కదిలాయి. ఆమెకు అందరూ గుర్తున్నారు.

"ఆవిడ చెప్పేది నిజమేనండీ" అంది మొగుడితో.

కాఫీ రాలేదు. పొద్దుగుంకేలోపు మీ కాయలు నా కల్లంలో కనపడకూడదని వేణుగోపాల్ గారు కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. మా అత్త అలాగేనంది. ఖుర్షిదా వాళ్ళని కోతకు పిలుస్తావుగా అని ఆయన చేత ఔననిపించుకునేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

మా ఆయన ఇంట్లో రంకెలు వేశాడు. పెళ్ళామూ తల్లీ కలిసి కొంప ముంచారన్నాడు. అరిచినంతసేపు అరిచి, ట్రాక్టరు మాట్లాడి కాయలన్నీ ఎత్తించాడు. ఊరి బయట తారు రోడ్డు అంచున పరిచాం. లారీలు పోయినప్పుడల్లా దుమ్ము. రంగు చెడింది, మిర్చి యార్డులో ధర కూడా తెగింది. దానికి ఏడవలేదని అబద్ధం చెప్పను. నేను ఏడ్చాను, మా అత్త ఏడవలేదు.

కాయలు సంచుల్లోకి ఎత్తే రోజుల్లో ఒక ఉదయం లక్ష్మీదుర్గ వచ్చింది. కారు దూరంగా ఆపి, ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. పళ్ళెం లేదు, డప్పులు లేవు. మిరప ఘాటుకు దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ మా అత్త ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది.

"అక్కయ్యా, ఆ రోజు మిమ్మల్ని చూసి కూడా దాటిపోయాను. తప్పు నాదే. పరిషత్తు ఎన్నికల్లో ఈయన నిలబడుతున్నారు. మీ ఓటు మాకు కావాలి. కాయలు మళ్ళీ మన కల్లంలోకి తెచ్చుకోండి."

మా అత్త చేతిలో పార పక్కన పెట్టింది. జోడించిన ఆ చేతుల వైపు తనివితీరా చూసింది. ఆవిడ మెత్తబడుతోందనుకున్నాను. మిగిలిన పంటకైనా కల్లం దొరుకుతుందని ఒక పక్క ఆశ, ఈవిడ లొంగిపోతే ఎలాగని ఇంకో పక్క భయం.

"ఇలా అడగాలమ్మా. బాగా అడిగావు" అంది మా అత్త. "సుబ్బరావమ్మ గుమ్మంలోనూ ఇలాగే అడుగు. అందరి దగ్గరా అడుగు. వాళ్ళు వేస్తే వేస్తారు, వాళ్ళిష్టం."

"మీరు వేస్తారుగా అక్కయ్యా?" అంది లక్ష్మీదుర్గ, మొహం విప్పారుతుండగా.

"నేను వెయ్యను. బతికినన్నాళ్ళూ వెయ్యను. ఆ మాట నీతో చెప్పాలనే నిన్ను చివరిదాకా అడగనిచ్చాను."